పికప్ రకం తరవాత, చోటు ముందు

నిర్వాహకురాలు: బేస్ గిటార్ ఎంచుకునేవారు సాధారణంగా దాని పికప్, అంటే తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం, ఒకే వైరు చుట్ట ఉన్న సింగిల్ కాయిలా, రెండు చుట్టలతో హమ్ అనే విద్యుత్ రొదను రద్దు చేసే హంబకరా అని అడుగుతారు. మీరేమో పికప్ ఎక్కడ బిగించారో ముందు చూడమంటారు. ఎందుకండీ?

అతిథి: పికప్ తన ఎదుట ఉన్న తీగ కదలికను మాత్రమే పట్టుకుంటుందండి. తీగలను బాడీ మీద ఆనించే బ్రిడ్జి దగ్గర తీగ ఊపు తక్కువ కాబట్టి అక్కడ మూలస్వరం పలచబడి, పై హార్మోనిక్‌లు, అంటే దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల ఫ్రీక్వెన్సీలో కలిసి మోగే స్వరాలు, ముందుకొస్తాయి. మెడవైపు జరిగేకొద్దీ మూలస్వరం నిండుగా పలుకుతుంది. అంతేకాదు, ప్రతి హార్మోనిక్‌కూ తీగ మీద కదలని బిందువులు ఉంటాయి. బ్రిడ్జి నుంచి తీగ పొడవులో సరిగ్గా నాలుగో వంతు దూరంలో పికప్ ఉందనుకోండి, 41.2 హెర్ట్జ్‌లో మోగే లావు తీగను ఫ్రెట్ (మెడ మీది అడ్డ కడ్డీ) దగ్గర నొక్కకుండా మీటినప్పుడు నాలుగో హార్మోనిక్, అంటే దాదాపు 165 హెర్ట్జ్, దానికి వినబడదు.

నిర్వాహకురాలు: ఫ్రెట్ నొక్కితే మోగే పొడవు మారుతుంది కదా, ఆ బిందువులూ జరిగిపోవా?

అతిథి: జరుగుతాయి. అయినా ఆ తీగలో లోపించే ఫ్రీక్వెన్సీ మాత్రం అక్కడే ఉంటుంది. ఎందుకంటే దాన్ని నిర్ణయించేది బ్రిడ్జికీ పికప్‌కూ మధ్య దూరం, తీగలో తరంగ వేగం. ఫ్రెట్ నొక్కినందువల్ల ఈ రెండూ మారవు. టోన్ నాబ్ ఎంత తిప్పినా ఒక చోటి ధ్వని మరో చోటి ధ్వని కాకపోవడానికి కారణం ఇదే, అది పై ఫ్రీక్వెన్సీలను తగ్గించగలదు అంతే.

నిర్వాహకురాలు: మరి రకానికి ప్రాధాన్యం లేదా?

అతిథి: ఉంది, కానీ దాని పేరు మీద చెప్పుకునే గొప్పల్లో సగం చోటుకు చెందవలసినవి. 1957లో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ గిటార్‌కు వచ్చిన, రెండు ముక్కలుగా ఉండే స్ప్లిట్ కాయిల్ పికప్ హమ్‌ను రద్దు చేస్తుంది, అయినా ఒక్కో తీగ కింద ఒక్క కాయిలే ఉంటుంది. పైగా లావు తీగల కాయిల్ మెడవైపు, సన్న తీగలది బ్రిడ్జివైపు ఉంటాయి. కొందరు వీటిని తారుమారు చేయించుకుంటారు, అప్పుడు లావు తీగలు బిగువుగా పలుకుతాయి. 1976 నాటి స్టింగ్‌రే బేస్ గిటార్ హంబకర్‌లో మాత్రం రెండు కాయిళ్లు ఒకే తీగను రెండు చోట్ల వింటాయి.

నిర్వాహకురాలు: ఫెండర్ వాళ్ల జాజ్ బేస్ గిటార్ సంగతి?

అతిథి: 1960లో వచ్చిన ఆ గిటార్‌లో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లుంటాయి. రెండింటినీ పూర్తిగా తెరిస్తే కొన్ని హార్మోనిక్‌లు ఎదురెదురు ఫేజుల్లో, అంటే ఒకటి పైకి ఊగేటప్పుడు మరొకటి కిందికి ఊగేలా, కలిసి, మధ్య స్థాయి ధ్వనులు కొంత కొట్టుకుపోతాయి. ఒకదాన్ని కాస్త తగ్గించండి, అవి తిరిగొస్తాయి. అయితే విడివిడిగా పోల్చేటప్పుడు రెండింటి ధ్వని స్థాయినీ సమం చేసి వినాలి. బ్రిడ్జి పికప్ సహజంగా మెల్లగా వినబడుతుంది, మన చెవేమో గట్టిగా మోగేదే బాగుందంటుంది.