క్లే బాల్స్‌లో ఆర్కిడ్: నీళ్లు ఎలా పొయ్యాలి, ఎరువు ఎంత వెయ్యాలి?

[దగ్గరి షాట్: పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ. లోపల క్లే బాల్స్ (కాల్చిన మట్టి గోళీలు), వాటి సందుల్లోంచి దిగిన వేర్లు. అడుగున కాసిని నీళ్లు.]

నమస్తే అండీ. కుండీకి పక్కనున్న ఈ బెజ్జం చూడండి. అడుగు నుంచి అంగుళం ఎత్తులో ఉంది. అడుగున మాత్రం ఒక్క బెజ్జం కూడా లేదు. ఎన్ని నీళ్లు పోసినా అంగుళం మట్టుకే లోపల నిలుస్తాయి, మిగతావన్నీ బయటికి వచ్చేస్తాయి. మట్టి లేకుండా, అడుగున కాసిని నీళ్లు నిలిపి మొక్కను పెంచే ఈ పద్ధతిని సెమీ హైడ్రోపోనిక్స్ అంటారు. దానికి ఆయువుపట్టు ఇదే.

అడుగున నిలిచిన ఆ నీళ్లను క్లే బాల్స్ దీపంలో వత్తి నూనె లాగినట్టు పైకి లాగుతాయి. సందుల్లో గాలి ఆడుతూనే ఉంటుంది. నర్సరీల్లో ఎక్కువగా దొరికే ఆర్కిడ్ రకం ఫెలనాప్సిస్. అది అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే మొక్క. దాని వేరుకు తడీ కావాలి, గాలీ కావాలి. మట్టిలో పెడితే ఊపిరాడక కుళ్లిపోతుంది. ఉత్త బొగ్గుల్లో పెడితే ఏసీ గదిలో ఇట్టే ఎండిపోతుంది. పొద్దున వెళ్లి రాత్రి ఇంటికొచ్చే వాళ్లకు, బాల్కనీ చిన్నదైన ఫ్లాట్‌కు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

ఇందులో నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా అన్న బెంగ అక్కర్లేదు. ఆ నీళ్లలో ఏముందన్నదే చూసుకోవాలి.

[షాట్: మూడు గ్లాసుల్లో నీళ్లు, టీడీఎస్ మీటర్ ఒక్కోదాంట్లో ముంచుతూ.]

నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో పీపీఎంలో (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో) చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, కొన్ని వందల రూపాయలకే వస్తుంది. బోరు నీళ్లలో పెడితే హైదరాబాద్‌లో చాలాచోట్ల 500 దాటేస్తుంది. ఆర్కిడ్‌కి అది చాలా ఎక్కువ. 150 లోపు ఉంటే నిశ్చింతగా వాడుకోండి. వాన నీళ్లు అన్నిటికన్నా మేలు. ఆర్‌ఓ మంచినీళ్లూ పనికొస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆర్‌ఓ మిషన్ పైపులోంచి బయటికి పోయే నీళ్లను బకెట్‌లో పట్టి మొక్కలకు పోస్తుంటారు. వృథా చెయ్యకపోవడం మంచి అలవాటే, ఇల్లు తుడవడానికి వాడుకోండి. ఆర్కిడ్‌కి మాత్రం వద్దు. తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది అందులోకే.

[షాట్: కుండీని సింక్‌లోకి తెచ్చి, పైనుంచి మగ్గుతో నీళ్లు పోస్తూ.]

ఇక నీళ్లు పొయ్యడం. దీన్ని కాస్త జాగ్రత్తగా చూడండి, ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. అడుగున నీళ్లు తగ్గాయి కదా అని చెంబెడు పోసి ఊరుకుంటారు. అలా కాదు. కుండీని సింక్‌లో పెట్టి పైనుంచి, బాల్స్ అన్నీ తడిసేలా, నిండా పొయ్యండి. బెజ్జంలోంచి ధారగా కారిపోనివ్వండి. రెండు నిమిషాలాగి మళ్లీ ఒకసారి పొయ్యండి. పాత నీళ్లు పూర్తిగా పోయి కొత్త నీళ్లు నిలవాలి.

ఎందుకంటే, తడి పైకి పాకినప్పుడు దాంతోపాటు లవణాలూ పైకి వస్తాయి. నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు ఎక్కడికీ పోవు. ఈ పై వరస బాల్స్ మీద తెల్లగా పొడిలా కట్టింది చూశారా? అదే. అది పేరుకుంటే ముందు లేత వేరు కొస నల్లబడుతుంది, తర్వాత ఎదుగుదల ఆగిపోతుంది. ప్రతిసారీ పైనుంచి కడిగినట్టు పోస్తే ఆ లవణాలు బయటికి కొట్టుకుపోతాయి.

ఎన్ని రోజులకొకసారి? ఏప్రిల్, మే ఎండల్లో రెండు మూడు రోజులకే అడుగు ఖాళీ అవుతుంది. వానాకాలం, చలికాలం వారానికోసారి చాలు. క్యాలెండర్ కన్నా కుండీనే నమ్మండి. నీటి మట్టం దాదాపు అడుగంటాక పొయ్యండి, పూర్తిగా ఎండిపోనివ్వకండి. వేరు రంగూ చెబుతుంది: తడిగా ఉంటే ఆకుపచ్చ, ఎండితే వెండి తెలుపు.

[షాట్: పావు టీస్పూను ఎరువు, పక్కనే నాలుగు లీటర్ల డబ్బా.]

ఎరువు సంగతి. క్లే బాల్స్‌లో పోషకాలేవీ ఉండవు. మనం నీళ్లలో ఇచ్చిందే మొక్కకు తిండి. కాబట్టి ఎప్పుడో ఒకసారి ఎక్కువగా కాకుండా, పోసిన ప్రతిసారీ చాలా పలచగా ఇవ్వాలి. నాలుగు లీటర్లకు పావు టీస్పూను, అంటే లీటరుకు సుమారు 0.3 గ్రాములు. పొలంలో పంటల మీద నీళ్లలో కరిగే ఇలాంటి ఎరువును లీటరుకు 5 గ్రాముల దాకా కలిపి పిచికారీ చేస్తారు. ఆ లెక్క ఇక్కడ పెట్టుకుంటే వేర్లు మాడిపోతాయి. నెలకోసారి మాత్రం ఎరువు కలపని ఉత్త నీళ్లతో బాగా కడిగెయ్యండి.

ఏ ఎరువు? ఎరువుల షాపులో తేలిగ్గా దొరికేది 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం. వాడొచ్చు, కానీ అందులో నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు దాన్ని మార్చి మొక్కకు అందిస్తాయి. శుభ్రమైన క్లే బాల్స్‌లో అవి అంతగా ఉండవు. అందుకే నైట్రేట్ రూపంలో నత్రజని ఎక్కువున్న ఎరువు దొరికితే దానికే నా ఓటు. ఇంకో సంగతి, యూరియాని టీడీఎస్ మీటర్ పట్టలేదు. మీటర్‌లో అంకె తక్కువ చూపించిందని ఇంకో చెంచా వెయ్యకండి.

ఆర్‌ఓ నీళ్లో, వాన నీళ్లో వాడేవాళ్లు కాల్షియం కూడా ఇవ్వాలి, ఆ నీళ్లలో అది దాదాపు ఉండదు. ఒక వారం 19:19:19, మరుసటి వారం అదే మోతాదులో కాల్షియం నైట్రేట్. రెండూ ఒకే సీసాలో చిక్కగా కలిపి నిల్వ పెట్టకండి, కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి తెల్లటి మడ్డిలా అడుగున పేరుకుంటాయి.

ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు ఇంకో మూడు జాగ్రత్తలు. కొత్త క్లే బాల్స్ కడిగిన ఎర్రటి బురద నీళ్లు సింక్‌లో పొయ్యకండి, పైపు పూడుకుపోతుంది. బకెట్‌లో కడిగి, ఆ నీళ్లు వేరే కుండీల మట్టిలో పొయ్యండి. అందం కోసం కుండీని ఇంకో గిన్నెలో పెడితే, బెజ్జంలోంచి కారిన నీళ్లు అందులో నిలుస్తాయి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నీళ్లలోనే, ఎప్పటికప్పుడు పారబొయ్యండి. చలికాలంలో కుండీని చల్లటి గచ్చు మీద పెట్టకండి, అడుగు నీళ్లు చల్లబడితే వేర్లు దెబ్బతింటాయి. ఒక చెక్క ముక్క వేస్తే సరిపోతుంది.

[షాట్: మొదట్లోంచి కొత్తగా పొడుచుకొస్తున్న వేరు, ఆకుపచ్చ కొస.]

ఇదంతా చూసి మీ ఆర్కిడ్‌ని ఇవాళే క్లే బాల్స్‌లోకి మార్చెయ్యాలని తొందరపడకండి. ఇదిగో, ఇలా కొత్త వేరు తొంగిచూస్తున్నప్పుడే మార్చండి. ముందే బాల్స్‌ని ఒక రోజు నానబెట్టుకోండి. కొత్త వేరు పుట్టినప్పటి నుంచే ఈ తడికి అలవాటుపడి పెరుగుతుంది. పాత వేర్లు కొన్ని గోధుమరంగుకు తిరిగి మెత్తబడతాయి, కంగారుపడొద్దు. ఆ నెలంతా ఎరువు సగమే. ఆకులు ముడతలు పడుతుంటే ఎరువు పెంచకండి. ముందు మొక్కను బయటికి తీసి, గట్టిగా ఉన్న వేర్లు ఎన్ని మిగిలాయో చూడండి.