అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్: ఏ వయసు పిల్లలకు ఎవరు తోడుండాలి?

[దృశ్యం: తిరుపతిలో ఒక అపార్ట్‌మెంట్. మే నెల సాయంత్రం. పూల్ గట్టున చిన్న చిన్న చెప్పులు వరసగా.]

వాయిస్: ఎండాకాలం సెలవులొస్తే అసోసియేషన్ మీటింగులో ఈ ప్రశ్న తప్పకుండా లేస్తుంది. పెద్దవాళ్లు లేకుండా ఎన్నేళ్ల పిల్లల్ని పూల్లోకి పంపొచ్చు? ఒకరు ఎనిమిదంటారు, ఇంకొకరు పన్నెండంటారు. చివరికి చేతులెత్తించి ఏదో ఒక అంకె బోర్డు మీద రాయిస్తారు. ఆ అంకె రాసే ముందు ఒక టేపు తీసుకుని పూల్ లోతు కొలవండి.

[దృశ్యం: నీళ్లలో నిలబెట్టిన కొలబద్ద. 122 సెం.మీ. దగ్గర నీటి గీత.]

వాయిస్: నాలుగడుగుల నీళ్లంటే 122 సెంటీమీటర్లు. ఆరేళ్ల పిల్లల ఎత్తు సగటున 116 దాకా ఉంటుంది. అంటే నేల మీద కాళ్లు ఆనినా తల పూర్తిగా మునుగుతుంది. ఎనిమిదేళ్లకు ఎత్తు 127 దాకా వస్తుంది, నడినెత్తి మాత్రం పైకి తేలుతుంది. ముక్కు ఇంకా నీళ్లలోనే. "మావాడికి ఎనిమిదేళ్లండీ, నిలబడగలడు" అనే మాట ఇక్కడే దెబ్బతింటుంది. మూడడుగుల చోటు నుంచి ఐదడుగులకు నేల వాలుగా దిగే పూల్ అయితే మరీ ప్రమాదం. ఆడుకుంటూ రెండడుగులు వెనక్కి వేస్తే చాలు, కాలు అందదు.

మునిగే పిల్లలు అరుస్తారనుకుంటాం. అరవరు. నోరు నీటి మీదికి వచ్చిన ఆ క్షణం ఊపిరి పీల్చుకోవడానికే సరిపోదు, ఇంక కేక వేసేదెక్కడ? చేతులు పైకెత్తి ఊపలేరు, పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటారు. తల వెనక్కి వాలి, ఒళ్లు నిటారుగా ఉంటుంది. ఇదంతా ఇరవై సెకన్ల నుంచి నిమిషం లోపు అయిపోతుంది. గట్టున కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఒక రీల్ చూసేంత సేపు.

[దృశ్యం: తెర మీద వయసుల పట్టిక.]

వాయిస్: ఆస్ట్రేలియాలో రాయల్ లైఫ్ సేవింగ్ సంస్థ పబ్లిక్ పూల్స్‌కు చెప్పే లెక్క ఇది: ఐదేళ్ల లోపు పిల్లలైతే పెద్దవాళ్లు చేతికందేంత దూరంలో నీళ్లలోనే ఉండాలి. పదేళ్ల లోపు పిల్లలు పదహారు నిండినవాళ్ల తోడు లేకుండా లోపలికి రాకూడదు. అవి లైఫ్‌గార్డులుండే పూల్స్. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ చోట్ల లైఫ్‌గార్డు ఉండడు, వాచ్‌మన్‌కు ఈత రావాలని లేదు. అందుకే మన అంకె వాళ్ల కంటే పైనే ఉండాలి.

మా సూచన ఇది. ఐదేళ్ల లోపు: ఒక్కో బిడ్డకు ఒక పెద్దమనిషి, నీళ్లలోనే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో. ఐదు నుంచి పది: ఈత వచ్చినా రాకపోయినా, పద్దెనిమిది నిండినవాళ్లు గట్టున నిలబడి చూడాలి. పది నుంచి పద్నాలుగు: ఈత పరీక్ష పాసైతే లోతు వైపు వెళ్లొచ్చు, అయినా పూల్ ఆవరణలో ఒక పెద్ద ఉండాల్సిందే. పద్నాలుగు దాటినవాళ్లు కూడా ఒంటరిగా దిగకూడదు. ఈత బాగా వచ్చిన పిల్లలే ఊపిరి బిగబట్టే పందేలు వేసుకుంటారు. ముందుగా గబగబా ఊపిరి పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, గాలి కావాలన్న తపన ఆలస్యంగా పుడుతుంది. ఈలోగా ఆక్సిజన్ పడిపోయి నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. పక్కనెవరూ లేకపోతే అంతే. ఈ పందేలు నిషేధమని బోర్డు మీద విడిగా రాయించండి.

"అక్క ఉందిలే" అని పన్నెండేళ్ల అమ్మాయికి తమ్ముణ్ని అప్పగించడం కాపలా కిందికి రాదు.

[దృశ్యం: కోచ్ పక్కన ఉండగా ఒక అబ్బాయి లోతు నీళ్లలోకి దూకడం.]

వాయిస్: ఈత పరీక్షకు రెడ్‌క్రాస్ చెప్పే ఐదు పనులు చాలు. తల మునిగే లోతులోకి దూకాలి. పైకి వచ్చి ఒక నిమిషం తేలాలి. గుండ్రంగా తిరిగి గట్టు ఎటుందో చూసుకోవాలి. ఆగకుండా ఇరవై అయిదు గజాలు ఈదాలి. నిచ్చెన పట్టుకోకుండా గట్టెక్కాలి. చేతులకు తొడిగే గాలి ట్యూబులతో చేస్తే లెక్కలోకి రాదు. అవి ఆటవస్తువులు, గాలి దిగిపోతాయి, జారిపోతాయి.

తిరుపతిలో ఇంకో చిక్కుంది. ఇక్కడ ఏడాది పొడుగునా ఎవరో ఒకరి ఇంటికి కొండకొచ్చే చుట్టాలుంటారు. దర్శనం చేసుకుని, క్యూలో అలిసిపోయి, మధ్యాహ్నం పెద్దలు నడుం వాలుస్తారు. పిల్లలు పూల్ వైపు పరుగెత్తుతారు. "అన్నా, పిల్లోళ్లు ఐదు నిమిషాలు దిగి వస్తార్లే" అంటే సెక్యూరిటీ మొహమాటానికి గేటు తీస్తాడు. ఆ పిల్లలకు ఏ వైపు లోతో తెలియదు. కాబట్టి అతిథుల పిల్లలకు, వయసెంతైనా, ఫ్లాట్ యజమాని ఇంట్లోవాళ్లు ఒకరు వెంట వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. గేటు తియ్యనన్న సెక్యూరిటీని ఎవరూ కసురుకోకూడదని తీర్మానంలోనే రాయండి.

[దృశ్యం: గేటు గడియ దగ్గరగా. పక్కనే కంచెకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీ. ఒక చెయ్యి దాన్ని లాగేస్తుంది.]

వాయిస్: వాచ్‌మన్ పిల్లలకు, పనిచేయడానికి వచ్చే అమ్మల వెంట తిరిగే పసివాళ్లకు మన నిబంధన ఎవరూ చదివి వినిపించరు. వాళ్లను కాపాడేది కంచె. నాలుగు వైపులా, కనీసం నాలుగడుగుల ఎత్తు, కమ్మీల మధ్య సందు నాలుగు అంగుళాల లోపు. గేటు వదిలితే దానంతటదే మూసుకుని గడియ పడాలి. గడియ నాలుగున్నర అడుగుల ఎత్తున ఉండాలి. కుర్చీ, పూలకుండీ కంచె పక్కనుంటే ఎక్కే మెట్టు అవుతాయి.

పిల్లలు ఎక్కువమంది ఉంటే ఒక విజిల్ కొనండి. అది మెడలో ఉన్నవాళ్లే కాపలా. ఫోన్ ముట్టకూడదు. పావుగంటకోసారి ఇంకొకరికి మార్చండి. అందరూ గట్టునే ఉన్న రోజున ఎవరికి వారు పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు, అదే కొంప ముంచుతుంది.

[దృశ్యం: గోడకు వేలాడే పొడవాటి కర్ర, తాడు కట్టిన ట్యూబు.]

వాయిస్: ఎవరైనా మునిగితే కర్ర అందించండి, ట్యూబు విసరండి. బయటికి తీశాక ఊపిరి ఆడకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం వద్దు. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా, ఇంకొకరు ముందు నోటితో ఐదు సార్లు ఊపిరి ఊదాలి. కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో ముప్పై నొక్కులు, రెండు ఊదడాలు, అలా ఆపకుండా. నొక్కుల వేగం నిమిషానికి 100 నుంచి 120. తేరుకుని లేచి కూర్చున్న బిడ్డనైనా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఉంటే ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా ముదరవచ్చు.