నారుమొక్కకు ఎరువు ఎంత, ఎప్పుడు?

శ్రోతలకు నమస్కారం. నర్సరీలో అడుగుపెడితే మన చూపు ముందుగా ఏపుగా, నిగనిగలాడే మొక్క మీదే పడుతుంది. కొనేవాళ్లు అదే అడుగుతారు, పెంచేవాళ్లు అందుకే యూరియా దండిగా వేస్తారు. నాకు మాత్రం ఆ నిగనిగ చూస్తే కాస్త అనుమానం. పైన ఆకు ఎక్కువై కింద వేరు తక్కువైన మొక్క, రోజూ నీళ్లు పోసే దిక్కులేని నేలలో మొదటి ఎండలకే తల వాల్చేస్తుంది.

చాలా చెట్ల వేళ్లతో కలిసి బతికే శిలీంద్రాలున్నాయి. వాటినే మైకోరైజా అంటున్నాం. వీటి పోగులు వేరు నూగు కంటే సన్నం. వేరు దూరలేని సందుల్లోంచి భాస్వరం, జింకు, నీరు తెచ్చిపెడతాయి. బదులుగా మొక్క తన చక్కెరలో కొంత ఇస్తుంది. పైన్ చెట్లే ఎరగని ప్రాంతాల్లో మొదట్లో పైన్ నారు పోస్తే పసుపుబారి గిడసబారిపోయేది. పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే తేరుకుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. భాస్వరం పుష్కలంగా దొరికితే మొక్క ఈ శిలీంద్రాన్ని అంతగా చేరనివ్వదు. చక్కెర దండగ అనుకుంటుంది కాబోలు! కొన్ని చెట్ల వేళ్ల మీద, గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బాక్టీరియా ఉండే బుడిపెలు వస్తాయి. నత్రజని ఎక్కువైతే అవీ అంతే, సరిగా రావు. ఒకచేత్తో ఇలాంటి మేలుచేసే సూక్ష్మజీవులున్న జీవన ఎరువు, ఇంకోచేత్తో భాస్వరం, నత్రజని రెండూ ఉన్న డీఏపీ గుమ్మరిస్తే మొదటిదానికి పెట్టిన డబ్బు వృథా.

అందుకే నారు పెంచే సంచి మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ కలిపి, మైకోరైజా పొడిని విత్తనానికి కాస్త కింద, వేరు దిగే దారిలో వేయండి. పైన చల్లితే వేరుకు అందదు. నారుకుళ్లు భయముంటే, తెగులు శిలీంద్రాలను అణచే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంద్రాన్ని తడి కంపోస్టులో కలిపి నీడలో మగ్గనిచ్చి వాడొచ్చు. కానీ నీరు నిలిచే సంచిని ఏ పొడీ కాపాడదు. రసాయన ఎరువు అవసరమైతే మొక్క నిలదొక్కుకున్నాక, పలుచగా, కొద్దికొద్దిగా.

తుమ్మ, కానుగ లాంటి చెట్ల విత్తనాలకు, ఆ బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియాను పట్టించి నీడలో ఆరబెడతారు. ఒక చెట్టుకు పనిచేసేది ఇంకోదానికి పనిచేయకపోవచ్చు, అడిగి తీసుకోండి. సరుగుడుకైతే రైజోబియం కాదు, ఫ్రాంకియా అనే మరో బాక్టీరియా కావాలి. రైజోబియం పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే ఒక మొక్కను పీకి, వేరు మీది బుడిపెను గోరుతో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే అది ఉత్త బుడిపే.

నాటడానికి కొన్ని వారాల ముందు నత్రజని ఆపి, నీళ్లు తగ్గించి, మొక్కను ఎండకు అలవాటు చేయండి. సంచి చింపేటప్పుడు మట్టిగడ్డ విడిపోకుండా చూడండి. శిలీంద్రం పోగులు వేరులోనే కాదు, ఆ మట్టిలోనూ అల్లుకుని ఉంటాయి. అడుగున చుట్టలు తిరిగిన వేరు కనిపిస్తే, ఆ చివర మాత్రం కత్తిరించి నాటండి. సెలవు.