జబ్బును దాచుకునే జీవి: పెంపుడు ఊసరవెల్లి ఆరోగ్యం

సభకు నమస్కారం.

మన పాలమూరు గొర్రెల సీమ. మందను తోలుకొచ్చే కాపరి, వెనకబడిన ఒక్క గొర్రెను చూసి దానికి ఒంట్లో బాగాలేదని అక్కడికక్కడే చెప్పేస్తాడు. మిగిలినవన్నీ ఎలా నడుస్తున్నాయో ఆయన కళ్లముందే ఉంటుంది కాబట్టి. పశువైద్యుడిగా నా పని సగం ఆ చూపు మీదే నడిచింది. ఊసరవెల్లి దగ్గర ఆ చూపు చాలదు. అది ఒంటరిగా బతికే జీవి. నీరసం కనిపిస్తే పక్షికో పాముకో దొరికిపోతుంది కనుక చివరిదాకా జబ్బును దాచుకుంటుంది. దాన్ని పోల్చి చూడడానికి మంద లేదు, దాని నిన్నటి తీరు ఒక్కటే ఉంది.

అసలు విషయంలోకి వెళ్లేముందు చట్టం సంగతి చెప్పాలి. మన చేల గట్ల మీద, నల్లమల అంచుల్లో కనిపించే ఊసరవెల్లిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నేను మాట్లాడుతున్నది యెమెన్, సౌదీ ప్రాంతాల వెయిల్డ్ ఊసరవెల్లి, మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి గురించి. వాటిని సైతం 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించవలసిందే.

ఇంట్లో ఒక నోటుపుస్తకం, గ్రాముల్లో తూచే చిన్న కాంటా ఉంచుకోండి. వారానికొకసారి బరువు రాయండి. ఏమి తిన్నది, రెట్ట ఎలా ఉన్నది కూడా రాయండి. రెట్టలోని తెల్లటి భాగం నారింజ రంగుకు తిరిగి, కళ్లు లోపలికి పోయాయంటే ఒంట్లో నీరు తగ్గినట్టు. గిన్నెలో నీళ్లు పెట్టి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే ఈ జీవి సాధారణంగా ఆకుల మీది చుక్కలనే తాగుతుంది. పొద్దునా సాయంత్రం ఆకుల మీద నీళ్లు చిలకరించాలి. పట్టపగలు కళ్లు మూసుకుని కూర్చున్న ఊసరవెల్లిని మాత్రం "నిద్రపోతున్నది" అనుకుని వదిలేయకండి. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి పగలు నిద్రపోదు.

నేను ఎక్కువగా చూసింది ఎముకలు మెత్తబడే జబ్బు. మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు వంగిన ఎముకల బాధను నేను వర్ణించనక్కరలేదు. అక్కడ కారణం నీటిలోని ఫ్లోరైడ్, ఇక్కడ కాల్షియం, డి3 విటమిన్ల లోటు. కాళ్లు విల్లులా వంగుతాయి, దవడ మెత్తబడుతుంది, కొమ్మ మీద పట్టు తప్పుతుంది, నాలుక పురుగు దాకా చేరదు. ఒక అబ్బాయి ఇలాంటి జీవినే తెచ్చి, "లైటు రోజంతా వెలుగుతూనే ఉంది సార్" అన్నాడు. లైటు వెలుగుతున్నమాట నిజమే. కానీ అతడు దాన్ని అద్దం అవతల పెట్టాడు. ఒంట్లో డి3 తయారీకి కావలసిన యూవీబీ కిరణాలు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు, మామూలు గాజు అద్దాన్ని దాటవు. దానికితోడు ఆ ట్యూబు కొని రెండేళ్లయింది. వెలుతురు తగ్గకపోయినా అందులోని యూవీబీ ఎప్పుడో సన్నగిల్లి ఉంటుంది, కనుక తయారీదారు చెప్పిన గడువుకు, అంటే సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు, మార్చాలి. మేతగా వేసే కీచురాళ్లలో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. భాస్వరం లేని కాల్షియం పొడి వాటికి అద్ది వేయాలి.

మేత కోసం పత్తి చేలల్లో, వరి మళ్లల్లో మిడతలను పట్టి తేవద్దు. వాటితోపాటు పురుగుమందు, పరాన్నజీవులు రెండూ ఇంట్లోకి వస్తాయి. నులిపురుగులు ఉన్నాయేమోనని గొర్రెల నట్టల మందు రెండు చుక్కలు వేసేవాళ్లున్నారు. నూరు గ్రాముల జీవికి అందాజుగా మందు వేయడం ప్రాణం తీయడమే. తాజా రెట్టను డబ్బాలో పెట్టి పరీక్షకు తీసుకెళ్లండి.

ఇక ఎండాకాలం. మే నెలలో మన దగ్గర 42 డిగ్రీలు దాటుతుంది. వెయిల్డ్ ఊసరవెల్లికి పగటి గదిలో 24 నుంచి 29 డిగ్రీలు హాయి. ఆ రోజుల్లో వేడి బల్బు ఆర్పేయండి. కూలర్ పెట్టినా గాలి ఆడేలా కిటికీ తీసి ఉంచాలి. తడిసి నిలిచిపోయిన గాలిలో ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది. వేడికి నోరు తెరిచిన జీవి నీడకు రాగానే మూసుకుంటుంది. నీడలోనూ నోరు తెరిచే ఉండి, తల పైకెత్తి, బుడగలు కక్కుతుంటే ఆ రోజే వైద్యుడి దగ్గరికి పోవాలి.

ఆడదానికి మగతోడు లేకపోయినా గుడ్లు వస్తాయి. తవ్వుకోవడానికి జానెడు లోతు తడి ఇసుక లేకపోతే గుడ్లను లోపలే బిగబట్టుకుని చనిపోవచ్చు. గోళ్లతో అడుగున గీరుతూ తిరిగిన జీవి తర్వాత ఒక మూల కదలకుండా పడి ఉంటే ఆలస్యం చేయవద్దు.

ఊసరవెల్లిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. వైద్యుడి దగ్గరికి వచ్చేటప్పుడు జీవితోపాటు నోటుపుస్తకం, గూడు ఫోటో, ట్యూబు పెట్టె తీసుకురండి. నేను మొదట అడిగేవి ఆ మూడే.