ఇన్సూరెన్స్ లేదని పిల్లల టీకా వాయిదా వేయకండి

అందరికీ నమస్కారం. సెలవు రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

ఉద్యోగం, దాంతోపాటే ఇన్సూరెన్స్ పోయిన ఇంట్లో ముందుగా వాయిదా పడేది డాక్టర్ అపాయింట్‌మెంట్. "మళ్లీ ఇన్సూరెన్స్ రానీ, అప్పుడు వేయిద్దాం" అనుకుంటారు. పిల్లల టీకాల విషయంలో మాత్రం ఆ మాట అనకండి. అమెరికాలో 19 ఏళ్లు నిండని పిల్లలకు ఇన్సూరెన్స్ లేకపోతే టీకా మందు ఉచితంగా అందాలని చట్టమే ఉంది. ఆ పథకం పేరు వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్. క్లినిక్కుల్లో వీఎఫ్‌సీ అంటే చాలు, అర్థమైపోతుంది.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1989 నుంచి 1991 వరకు ఈ దేశంలో తట్టు చెలరేగింది. సుమారు 55 వేల మందికి సోకింది, 120 మందికి పైగా చనిపోయారు. జబ్బు పడిన పిల్లల్లో సగానికి పైగా టీకా పడనివాళ్లే. వాళ్లలో చాలామంది అంతకుముందు డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లు కూడా! డాక్టర్ ఉన్నాడు, బిడ్డ ఎదురుగా ఉంది, టీకా మాత్రం పడలేదు. ఆ చావులు చూశాకే 1993లో చట్టం చేశారు. 1994 అక్టోబరు నుంచి పథకం అమల్లోకి వచ్చింది. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తక్కువ ధరకు టీకాలు కొని, పథకంలో చేరిన డాక్టర్లకు ఉచితంగా పంపిస్తుంది. ఈ రోజు అమెరికాలో దాదాపు సగం మంది పిల్లలు దీని కిందికి వస్తారు. కాబట్టి దీన్ని అడగడానికి మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇన్సూరెన్స్ లేదని తల్లో తండ్రో నోటితో చెబితే సరిపోతుంది, కాగితాలు చూపించక్కర్లేదు. వీసా ఏదన్నది ఈ అర్హతకు షరతు కాదు. వలస వచ్చినవాళ్లకు ప్రభుత్వ సాయాన్ని బాగా కుదించిన 1996 చట్టం కూడా టీకాలను మినహాయించింది. అయితే ఇన్సూరెన్స్ ఉండి డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనం కట్టాల్సిన మొత్తం) ఎక్కువగా ఉందంటే మాత్రం వీఎఫ్‌సీ వర్తించదు. పాలసీలో టీకాలకు కవరేజీయే లేకపోతే, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు వెళ్లండి, అక్కడ వీఎఫ్‌సీ వర్తిస్తుంది.

డబ్బు సంగతి కూడా చెబుతాను. మందు ఉచితం. సూది వేసినందుకు మాత్రం కొంత ఫీజు అడగొచ్చు. అది కట్టలేనంటే టీకా వేయకుండా వెనక్కి పంపకూడదు, అది రూల్. డాక్టర్ విజిట్ ఫీజు వేరు. అందుకే ఫోన్ చేసినప్పుడే "మీరు వీఎఫ్‌సీ ప్రొవైడరా? విజిట్‌కి ఎంత తీసుకుంటారు?" అని అడగండి.

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు ఇది కాస్త జాగ్రత్తగా వినండి. స్కూల్ అడ్మిషన్ దగ్గర మనవాళ్లకు టెన్షన్ పెట్టేది ఆ టీకాల కార్డే. ఇండియాలో ప్రభుత్వం వేసేది ఎంఆర్. అంటే తట్టు, రుబెల్లా. ఇక్కడ స్కూళ్లు అడిగేది ఎంఎంఆర్, అందులో గవదబిళ్లల టీకా కూడా ఉంటుంది. పైగా అక్కడ మొదటి డోసు తొమ్మిదో నెలలో వేస్తారు. మొదటి పుట్టినరోజుకు ముందు వేసింది ఇక్కడ లెక్కలోకి రాదు. కార్డులో రెండు డోసులు కనిపిస్తున్నా, తట్టుకు ఒక్కటే లెక్క, గవదబిళ్లలకు సున్నా. ఆటలమ్మ టీకా కూడా అక్కడి ప్రభుత్వ జాబితాలో లేదు. ఎంఎంఆర్ రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి, స్కూల్ తెరిచే వారం వరకు ఆగితే కష్టం. ఇంకో చిక్కు తేదీలది. మన కార్డులో 05/08 అంటే ఆగస్టు ఐదు, ఇక్కడి నర్సు దాన్ని మే ఎనిమిది అని చదువుతుంది. నెల పేరు అక్షరాల్లో రాయించి తీసుకెళ్లండి.

ఇక పెద్దవాళ్లు. నాకు బాధ కలిగించేది ఇక్కడే. పిల్లలకు ఉన్నలాంటి చట్టం పెద్దలకు లేదు. మెడికేర్ (ప్రధానంగా 65 దాటినవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్)లో మందుల భాగమైన పార్ట్ డి ఉన్నవాళ్లకు 2023 నుంచి, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) ఉన్న పెద్దలకు అదే ఏడాది అక్టోబరు నుంచి, సిఫార్సు చేసిన టీకాలకు జేబులోంచి కట్టే పని తప్పింది. ఏ ఇన్సూరెన్స్ లేనివాళ్లే మిగిలిపోయారు. 1962 నాటి చట్టంతో మొదలైన సెక్షన్ 317 అనే టీకా నిధులు ఉన్నాయి, కానీ ఏటా అమెరికా కాంగ్రెస్ ఎంత ఇస్తే అంతే. ఆ డబ్బుతో కౌంటీ (మన జిల్లా లాంటిది) హెల్త్ డిపార్ట్‌మెంట్లు కొన్ని టీకాలు ఉచితంగానో తక్కువకో వేస్తాయి. ఒక కౌంటీలో దొరికింది పక్క కౌంటీలో దొరక్కపోవచ్చు. కోవిడ్ టీకా కోసం ఇన్సూరెన్స్ లేని పెద్దలకు పెట్టిన ఏర్పాటు 2024 ఆగస్టులో ఆగిపోయింది. 2025లో కేంద్ర నిధులు వెనక్కి తీసుకున్నప్పుడు టెక్సస్‌లోని ఒక్క డాలస్ కౌంటీలోనే 50కి పైగా టీకా శిబిరాలు రద్దయ్యాయి. అదే టెక్సస్‌లో ఆ ఏడాది తట్టుతో ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఇద్దరికీ టీకా పడలేదు. పిల్లలకు చట్టం ఉంటే సరిపోదు, సూది వేసే చెయ్యి, తెరిచి ఉన్న క్లినిక్కు కూడా కావాలి. మీ కౌంటీ కమిషనర్ల సమావేశంలో ప్రజలు మాట్లాడేందుకు సమయం ఇస్తారు. వెళ్లి ఈ మాట అడగండి.

పురుడు పోయడానికి అమ్మో అత్తయ్యో వస్తున్న ఇళ్లకు ఒక్క మాట. పుట్టిన బిడ్డకు కోరింత దగ్గు టీకా రెండో నెలకు గానీ మొదలవదు. అప్పటిదాకా ఆ దగ్గు బిడ్డకు ఎక్కువగా అంటేది ఇంట్లోవాళ్ల నుంచే. అలా వచ్చే పెద్దవాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ సాధారణంగా టీకాలకు పైసా ఇవ్వదు. టిక్కెట్లు బుక్ చేసేటప్పుడే, ఫ్లైట్ ఎక్కడానికి కనీసం రెండు వారాల ముందు, పెద్దవాళ్లకు వేసే కోరింత దగ్గు టీకా టీడాప్ ఇండియాలోనే వేయించుకోమని చెప్పండి.

పిల్లల టీకాల కార్డులు తెచ్చినవాళ్లు ఇటు బల్ల దగ్గరికి రండి. ఏ డోసు లెక్కకొస్తుందో, ఏది మళ్లీ వేయించాలో కూర్చుని చూద్దాం.