యెస్సా, జెనెసిస్సా: నా ఓటు ఎటు, ఎందుకు

నమస్కారం అండి అందరికీ. ఇవాళ నేను మాట్లాడేది ఒక గొడవ గురించి, మొదలై యాభై ఏళ్ళు దాటింది, ఇంకా తెగలేదు, అసలు తెగాలని కూడా ఎవరికీ లేదేమో. ఇంగ్లండ్‌లో 1970ల మొదట్లో ప్రోగ్రెసివ్ రాక్ అని, అంటే పొడుగాటి పాటలూ మారే తాళాలూ ఉన్న రాక్ సంగీతం, ఒక ఊపు వచ్చింది కదా, అందులో రెండు బ్యాండ్‌లు, యెస్, జెనెసిస్. రెండింట్లో ఏది గొప్ప అని. మా ఇంట్లో ఈ గొడవ మా బావకీ నాకూ మధ్య. పాతికేళ్ళ పైమాటే. బావ యెస్ మనిషి, నేను జెనెసిస్ మనిషిని. పెళ్ళిళ్ళలో, రైల్లో, ఒకసారి ఆస్పత్రి వరండాలో కూర్చుని కూడా ఇదే. "ఒరేయ్, స్క్వయర్ బేస్ విన్న చెవులతో ఇంకోటి ఎలా వింటావురా" అంటాడు, నేను "బావా, హాకెట్ గిటార్ ఒక్క మూడు నిమిషాలు కదలకుండా విను, తర్వాత మాట్లాడదాం" అంటాను. స్క్వయర్ అంటే యెస్‌లో బేస్ గిటార్, అదే కింది స్వరాల గిటార్, వాయించేవాడు, హాకెట్ జెనెసిస్ గిటారిస్ట్. అక్కడితో ఆగేది ఎప్పుడూ.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒకటుంది. ఫ్యాన్స్ చాలామంది బ్యాండ్ మొత్తాన్ని బ్యాండ్ మొత్తంతో పోలుస్తారు, అలా పోలిస్తే ఎవరికి కావలసిన ముక్క వాళ్ళు తీసుకుంటారు, పక్కవాడి ముక్క వదిలేస్తారు. వాదన చెయ్యాలంటే పాటలో ఫలానా చోట చెయ్యాలి, ఫలానా నిమిషంలో, ఇదిగో ఇక్కడ వీళ్ళేం చేశారు, అక్కడ వాళ్ళేం చేశారు అని. నేను ఇవాళ అదే చేస్తాను. నా ఓటు జెనెసిస్‌కే అని ముందే చెప్పేస్తున్నా, దాచడం ఎందుకు.

ముందు పుట్టుక రెండు ముక్కల్లో. జెనెసిస్ 1967లో, సర్రీ జిల్లాలో చార్టర్‌హౌస్ అనే రెసిడెన్షియల్ స్కూల్ కుర్రాళ్ళు పెట్టుకున్నది. పీటర్ గేబ్రియల్, టోనీ బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్, ఆంథొనీ ఫిలిప్స్, అందరూ ఆ స్కూల్ పిల్లలే. డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ 1970లో, గిటారిస్ట్ స్టీవ్ హాకెట్ ఆ తర్వాత వచ్చి కలిశారు. యెస్ 1968లో లండన్‌లో పుట్టింది, జాన్ ఆండర్సన్ గొంతు, క్రిస్ స్క్వయర్ బేస్, బిల్ బ్రూఫర్డ్ డ్రమ్స్. తర్వాత గిటార్‌కి స్టీవ్ హౌ, కీబోర్డ్స్‌కి రిక్ వేక్‌మన్. ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఏంటంటే, జెనెసిస్ వాళ్ళు మొదట పాటలు రాసే కుర్రాళ్ళు, తర్వాత వాయించేవాళ్ళు అయ్యారు. యెస్ వాళ్ళు వాయించడంలో అప్పటికే ఆరితేరినవాళ్ళు, తర్వాత పెద్ద పాటల్లోకి వచ్చారు. ఈ తేడా చివరిదాకా వినిపిస్తుంది.

1972కి వద్దాం. ఆ సంవత్సరం శరదృతువులో, కొన్ని వారాల తేడాతో, యెస్ నుంచి క్లోజ్ టు ది ఎడ్జ్ వచ్చింది, జెనెసిస్ నుంచి ఫాక్స్‌ట్రాట్ వచ్చింది. అమ్మకాల్లో పోటీయే లేదు, యెస్ ఆల్బమ్ బ్రిటన్‌లో 4, అమెరికాలో 3వ స్థానం దాకా వెళ్ళింది, జెనెసిస్ ఆల్బమ్ బ్రిటన్‌లో 12 దగ్గర ఆగింది, అదే వాళ్ళకి అప్పటికి గొప్ప. రెండు ఆల్బమ్‌లలోనూ ఎల్‌పీలో ఒక వైపు దాదాపు మొత్తం ఒకే పాట. యెస్‌ది ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాట, పద్దెనిమిదిన్నర నిమిషాల పైన, జెనెసిస్‌ది సప్పర్స్ రెడీ, ఇరవైమూడు నిమిషాల దాకా.

యెస్ పాట ఎలా మొదలవుతుందో తెలుసా, పక్షులు, పారే నీళ్ళ చప్పుడు, అది మెల్లగా పెరిగి పెరిగి ఇక పగిలిపోతుందేమో అనుకున్న చోట బ్యాండ్ మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. గిటార్ ఒకవైపు లాగుతుంది, బేస్ ఇంకోవైపు, కింద బ్రూఫర్డ్ తాళం ఎక్కడ తడుతున్నాడో మొదటిసారి వినేవాడికి దొరకదు. స్క్వయర్ వాడే రికెన్‌బ్యాకర్ బేస్ మామూలు బేస్‌లా కింద గుమ్మని ఉండదు, అంచున్న శబ్దం, గిటార్‌తో సమానంగా ముందుకొచ్చి నిలబడుతుంది. బావ చెప్పేది ఇదే, ఐదుగురూ ఒకేసారి ముందు వరసలో ఉంటారు, అయినా ఎవడూ ఎవడికీ అడ్డం రాడు అని. నిజం. ఒప్పుకుంటాను. మధ్యలో అంతా నెమ్మదించి, గొంతులు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ వెళ్ళి, చర్చిలో ఉండే పెద్ద పైప్ ఆర్గన్ వస్తుంది, లండన్‌లో ఒక చర్చికి వెళ్ళి మరీ రికార్డ్ చేశారు. ఆ ఆర్గన్ వచ్చినప్పుడు గది గోడలు వెనక్కి జరిగినట్టు ఉంటుంది. ఆల్బమ్‌గా చూస్తే, ఉన్న మూడు పాటల్లో ఒక్క నిమిషం కూడా వదులు లేదు. ఫాక్స్‌ట్రాట్ గురించి నేను ఆ మాట అనలేను.

మరి జెనెసిస్ వైపు ఎందుకు అంటారా. సప్పర్స్ రెడీ పక్షులతో మొదలవదు, విశ్వంతో మొదలవదు. ఇంట్లో, హాల్లో, టీవీ ఆపేసి పక్కన కూర్చున్న మనిషి మొహంలోకి చూడడంతో మొదలవుతుంది, పన్నెండు తీగల గిటార్లు రెండో మూడో, గేబ్రియల్ గొంతు, అంతే. అక్కడి నుంచి యుద్ధాలు, దొంగ ప్రవక్తలు, ఒక పువ్వుల పిచ్చిపాట, చివరికి ప్రళయం. ప్రళయం భాగం తొమ్మిది మాత్రల్లో నడుస్తుంది. మన లెక్కలో చెప్పుకుంటే తకిట, తక, తకధిమి, మూడూ రెండూ నాలుగూ. బేసూ డ్రమ్సూ ఆ నడకని వదలకుండా మిల్లులా తిప్పుతూ ఉంటాయి, దాని మీద బ్యాంక్స్ ఆర్గన్ వేరే లెక్కలో, కలవనట్టే వెళ్తూ పైకి ఎక్కుతుంది. ఈ భాగం వాయిద్యాలకే వదలాలని బ్యాంక్స్ అనుకున్నాడు, గేబ్రియల్ వచ్చి దాని మీద పాడేశాడు, బ్యాంక్స్‌కి మొదట కోపం వచ్చింది, విన్నాక తనే ఒప్పుకున్నాడు అది అక్కడ ఉండాల్సిందేనని. ఆ పాడింది అయ్యాక మబ్బు విడిపోయినట్టు, ఇరవై నిమిషాల కింద హాల్లో విన్న బాణీ తిరిగొస్తుంది, ఈసారి గంటలతో, టేపుల్లోని వాయిద్యాల ధ్వనిని పలికించే మెలోట్రాన్ అనే కీబోర్డ్‌తో, నిండుగా. ఆ మొహం, ఆ ఇల్లు గుర్తొస్తాయి. నాకు అక్కడ ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. యెస్ పాటలో ఆర్గన్ దగ్గర ఒళ్ళు పులకరిస్తుంది, ఇక్కడ ఏడుపొస్తుంది. నా ఓటు పడింది ఆ తేడా దగ్గరే.

బావకి ఇంకో అస్త్రం ఉంది. "మన సిద్ధార్థుడి కథ, మన శాస్త్రాలు తీసుకున్నార్రా వాళ్ళు, ఇంకేం కావాలి నీకు" అంటాడు. విషయం నిజమే. క్లోజ్ టు ది ఎడ్జ్ వెనక హెర్మన్ హెస్సే రాసిన సిద్ధార్థ నవల ఉంది, నదీ అదీ అక్కడిదే. ఇక 1973 చివర్లో వచ్చిన టేల్స్ ఫ్రమ్ టోపోగ్రఫిక్ ఓషన్స్ అయితే పూర్తిగా పరమహంస యోగానంద ఆత్మకథలోని ఒక ఫుట్‌నోట్ మీద కట్టింది. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగు రకాల శాస్త్రాలు చెప్పారు అందులో, ఆండర్సన్ అది చదివి నాలుగింటికి నాలుగు పాటలు, ఒక్కోటీ ఎల్‌పీలో ఒక వైపు మొత్తం, కలిపి ఎనభై నిమిషాల పైన. ఒక చిన్న ఫుట్‌నోట్ నుంచి అంత పని చెయ్యడం, ఆ ధైర్యానికి నేను దణ్ణం పెడతాను. కానీ మన శాస్త్రం పేరు పెట్టినంత మాత్రాన సంగీతం మనల్ని తాకాలని లేదు కదా. నాలుగోది, రిచువల్, తాకుతుంది, అందులో డ్రమ్స్ విరుచుకుపడే చోటు తర్వాత వచ్చే ప్రశాంతత అద్భుతం. రెండోది మాత్రం నన్ను ఎప్పుడూ సగంలో వదిలేస్తుంది. వేక్‌మన్‌కి కూడా ఆ ఆల్బమ్ పడలేదు, 1974లో బయటికి వెళ్ళిపోయాడు, 1977లో వచ్చిన గోయింగ్ ఫర్ ది వన్‌కి మళ్ళీ వచ్చాడు. ఆ ఆల్బమ్‌లో అవేకెన్ అనే పాట ఉంది, పదిహేను నిమిషాలు, అది పెట్టినప్పుడు మాత్రం నేను బావతో వాదించను.

రెండు వైపులా ఫ్యాన్స్ చేసే ఒక పని నాకు నచ్చదు. 1975లో గేబ్రియల్ వెళ్ళిపోయాక జెనెసిస్ లేనట్టే అని కొట్టిపారేస్తారు, అలాగే పాప్ వైపు తిరిగిన 1983 నాటి యెస్ యెస్సే కాదంటారు. గాయకుడి కోసం బయట చాలామందిని చూసి చూసి, చివరికి డ్రమ్స్ వెనకున్న కాలిన్స్ పాడితే వచ్చింది ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్, 1976లో, అది వినకుండా జెనెసిస్ గురించి మాట్లాడకూడదు. అమెరికాలో నంబర్ వన్ అయిన పాట చెరొకటే ఉంది వీళ్ళకి, యెస్‌ది ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్, జెనెసిస్‌ది ఇన్విజిబుల్ టచ్, రెండూ 80ల పాప్ పాటలే. అవి నాకు ప్రాణం కాదు గానీ, బతకడానికి మారారు, మారి బతికారు, దానికి తిట్టడం న్యాయం కాదు.

మనం ఇక్కడ ఇంత కొట్టుకుంటున్నాం కదా, వాయించినవాళ్ళ మధ్య అసలు గోడే లేదు. బ్రూఫర్డ్ క్లోజ్ టు ది ఎడ్జ్ రికార్డింగ్ అవ్వగానే యెస్ వదిలి కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బ్యాండ్‌లోకి వెళ్ళాడు, అతని చోటికి వచ్చిన అలన్ వైట్ ఆ తాళాల లెక్కలన్నీ మూడు రోజుల్లో నేర్చుకుని టూర్ ఎక్కాడు. అదే బ్రూఫర్డ్ 1976లో జెనెసిస్ టూర్‌లో డ్రమ్స్ వాయించాడు, కాలిన్స్ ముందుకొచ్చి పాడాలి కాబట్టి. సెకండ్స్ అవుట్ లైవ్ ఆల్బమ్‌లో సినిమా షో పాట వినండి, బ్రూఫర్డ్ చేతులు అందులో ఉన్నాయి. 1980ల మధ్యలో స్టీవ్ హౌ, స్టీవ్ హాకెట్, ఇద్దరు గిటారిస్టులూ కలిసి జీటీఆర్ అని ఒక బ్యాండ్ పెట్టారు. ఈ సంగతి బావకి మొదటిసారి చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే హాకెట్ మావాడే" అన్నాడు.

ఆఖరికి నా సాక్ష్యం. 1973, సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్ ఆల్బమ్, ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్ పాట, తొమ్మిదిన్నర నిమిషాలు. మొదట బ్యాంక్స్ పియానో ఒక్కటే, నిమిషం పాటు, తాళం మారుతూ మారుతూ వెళ్తుంది గానీ ఎక్కడా కుదుపు తెలియదు. తర్వాత పాట. తర్వాత అంతా ఆగిపోయి గేబ్రియల్ ఫ్లూట్ మీద ఒక బాణీ వాయిస్తాడు, చాలా సన్నగా, ఎవరో పక్కగదిలో వాయిస్తున్నట్టు. తర్వాత మొదటి పియానో ముక్కే సింథసైజర్ మీద, డ్రమ్స్‌తో పరుగెత్తుకుంటూ వస్తుంది. అది కొండ మీదికి ఎక్కి ఆగిన చోట, ఇందాక ఫ్లూట్ మీద విన్న బాణీనే హాకెట్ గిటార్ మీద ఎత్తుకుంటాడు. కీర్తనలో పల్లవి సంగతులు వేసుకుంటూ పెరగడం మనకి తెలుసు కదా, అలాగే, అదే బాణీ, స్వరం సాగదీసి, ఒక్కోచోట ఒకే స్వరం మీద నిలబడిపోయి. వేగం చూపించే అవకాశం ఉన్నా చూపించడు. వెనక బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, కాలిన్స్ తమ వంతు తగ్గించుకుని కింద నేల పరిచినట్టు పరుస్తారు. మిగతావాళ్ళు వెనక్కి జరిగి ఒకడికి దారి ఇవ్వడం, ఆ ఒకడు కూడా తన గొప్ప కోసం కాకుండా ఫ్లూట్ పాడిన మాటనే మళ్ళీ చెప్పడం. యెస్‌లో నాకు ఇది దొరకలేదు, వెతికాను.

బావ ఇవాళ ఇక్కడే ఉన్నాడు, రెండో వరసలో. వచ్చే నెల ఇదే టైమ్‌కి తన వైపు వాదన చెప్తానని ఒప్పుకున్నాడు, అందరూ తప్పకుండా రండి. ఇప్పుడు పాట పెడదాం. వెనక లైట్లు కొంచెం తగ్గించండి బాబూ, ఫ్యాన్ కూడా, చప్పుడొస్తోంది. ఫ్లూట్ దగ్గర ఆ బాణీ మనసులో పట్టుకోండి, గిటార్ వచ్చేదాకా వదలకండి.