ముందు ఎత్తు, తర్వాతే ట్విస్ట్

వేదిక మీద ఉన్న పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి ఈ ఎండలో బస్సులు మారి నెల్లూరు దాకా వచ్చిన పీఈటీ మిత్రులకు నమస్కారం. సన్మానం చేస్తామని పిలిచారు. శాలువా వద్దండీ, కాసేపు మైకు ఇవ్వండి చాలు అన్నాను. ఇచ్చినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు.

కార్డులో నా పేరు పక్కన ‘వేసవి శిబిరాలు – క్రమశిక్షణ’ అని వేశారు. క్రమశిక్షణ గురించి నా తర్వాత మాట్లాడేవాళ్ళు చెప్తారు. నేను మాత్రం జిమ్నాస్టిక్స్‌లో వెనక్కి వేసే మొగ్గలో ట్విస్ట్, అంటే ఒళ్ళు గాలిలో బొంగరంలా నిలువుగా తిరగడం, ఎలా పెంచాలో మాట్లాడతాను. ఏ శిబిరానికి వెళ్ళినా కోచ్ నోట ఒకటే అరుపు వినిపిస్తోంది: “తిప్పు, ఇంకా తిప్పు, తల తిప్పు, భుజం లాగు!” ఆ అరుపు ఆగాలని నా కోరిక.

ఎందుకో చెప్తాను. పరుగెత్తి వచ్చి, చేతుల మీద తిరిగి వచ్చిన వైపుకే మొహం పెట్టే రౌండాఫ్ వేసి, వెనక్కి చేతుల మీదుగా తిరిగే బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ వేసి పిల్ల పైకి లేవబోతుంది. పాదాలింకా మ్యాట్ మీదే ఉంటాయి, తల అప్పటికే భుజం మీదుగా వెనక్కి చూస్తుంటుంది. ఒక భుజం కిందికి జారిపోతుంది. పైకి పోవాల్సిన ఊపు పక్కకు పోతుంది. మన పిల్లలు గాలిలో ఉండేది సెకను కూడా ఉండదు. ఎత్తు తగ్గితే అందులోనూ కోత పడుతుంది. ట్విస్ట్ సగంలో ఉండగానే నేల వచ్చేస్తుంది. అప్పుడు కోచ్ ఇంకా గట్టిగా తిప్పమంటాడు. నేల మీద ఉండగానే కొంత తిరుగుడు తీసుకునే పద్ధతి పెద్ద స్థాయి ఆటగాళ్ళలో ఉంది, కాదనను. అది ఎత్తు చేతిలో ఉన్నవాళ్ళ పని. మన దగ్గర లేఅవుట్ కూడా, అంటే ట్విస్ట్ లేకుండా ఒళ్ళు నిటారుగా ఉంచి వేసే మొగ్గ కూడా, కుదరని పిల్లల చేత అదే చేయిస్తున్నారు.

ఒక్కసారి అందరూ లేచి నిలబడండి. అమ్మలూ, మీరు కూడా. రెండు చేతులూ పైకెత్తండి. కుడి చెయ్యి అలాగే ఉంచి, ఎడమ చేతిని పక్క నుంచి గబుక్కున కిందికి దించండి. ఏమీ కాలేదు కదా? కాళ్ళు నేల మీద ఉన్నాయి కాబట్టి కాలేదు. గాలిలో ఇదే పని చేస్తే ఒళ్ళు కుడివైపుకు కాస్త వాలుతుంది. వెనక్కి మొగ్గ తిరుగుతూ ఉన్న ఒళ్ళు అలా వాలగానే, ఆ తిరుగుడులో కొంత వాటా నిలువు ట్విస్ట్‌గా మారుతుంది, అదీ ఎడమవైపుకు. కొత్త బలం ఎక్కడి నుంచీ రాదు, నేల వదిలేటప్పుడు తెచ్చుకున్నదే. చేతులు దగ్గరికి పెట్టుకొని నిటారుగా ఉన్న ఒళ్ళు నిలువుగా తిరగడం, మొగ్గగా తిరగడం కన్నా పది రెట్లకు పైగా తేలిక. అందుకే కొద్ది డిగ్రీల వాలు చాలు. ఇంకా ట్విస్ట్ కావాలంటే ఇంకాస్త వాలు, ఒంట్లో వంపు లేకపోవడం, చేతులు ఛాతీకి బిగించడం. ఆపాలంటే చేతులు విప్పాలి. కూర్చోండి, కూర్చోండి.

కాబట్టి పిల్లకు చెప్పాల్సింది తల గురించి కాదు, చూపు గురించి. పరుగెత్తి వచ్చిన వైపు గోడకు కంటి ఎత్తున ఒక ఎర్ర రిబ్బన్ అంటించండి. పాదాలు మ్యాట్ వదిలేదాకా చూపు దాని మీదే ఉండాలి. వదిలాక చెయ్యి దించాలి. నేను నేర్పేది ఇంతే. ముందు మంచి లేఅవుట్, తర్వాత అర ట్విస్ట్, ఒకటి, ఒకటిన్నర. ఒకటిన్నర దగ్గర ఒక్క జాగ్రత్త. దిగేటప్పుడు మొహం పరుగు సాగిన దిక్కుకే తిరిగి ఉంటుంది, నేల ముందుగా కనపడదు, మడమలు దెబ్బతింటాయి. మెత్తటి మ్యాట్ లేకుండా చేయించకండి.

మన దేశపు జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ పేరు చెప్పగానే అందరూ ప్రొదునోవా అంటారు, ముందుకు రెండు మొగ్గలు తిరిగే వాల్ట్ అది. వాల్ట్ అంటే పరుగెత్తుకొచ్చి, బల్ల మీద చేతులు ఆనించి, గాలిలోకి లేచి మొగ్గ వేయడం. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఆమె రెండు వాల్టులు చేసింది. రెండోది ప్రొదునోవా, 15.266. మొదటిది డబుల్ ట్విస్ట్‌తో త్సుకహారా, 14.866. అది వెనక్కి తిరిగే మొగ్గే. సగటు 15.066తో నాలుగో స్థానం. కాంస్యం 0.150 దూరంలో పోయింది. అగర్తలా పిల్ల, బిశ్వేశ్వర్ నంది గారి శిష్యురాలు. హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చింది. మన జిల్లా పిల్లలకు ఎందుకు రాదు అని మీరు అడగబోతున్నారు. ఆ సంగతే చెప్పాలి. మైకు అడిగింది కూడా అందుకే.

తీరం వైపు ఊరి పిల్ల ఒకమ్మాయి ఉండేది. నాన్న రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. లేఅవుట్ వేస్తే బొటనవేలి నుంచి భుజం దాకా గీత గీసినట్టుండేది. ఒక ట్విస్ట్ శుభ్రంగా తిరిగేది. సెలక్షన్స్ ముందు ఒక పెద్దమనిషి వచ్చి, “డబుల్ ట్విస్ట్ ఉంటేనే లిస్టులో పేరు” అని తేల్చేశాడు. రెండు వారాలే టైమ్. పడ్డా దెబ్బ తగలకుండా ఫోమ్ ముక్కలు నింపిన గొయ్యి, ఫోమ్ పిట్ లేదు, ట్రాంపోలిన్ లేదు, పిల్లను పట్టి ఉంచే బెల్ట్ పైన కట్టడానికి దూలం కూడా లేదు. ఇప్పుడే వద్దని నేను మొత్తుకున్నాను. తండ్రికి టెన్షన్, పిల్లకు టెన్షన్. నేను లేని ఒక సాయంత్రం వేరేవాళ్ళు పక్కన నిలబడి “తిప్పు, తిప్పు” అని చేయించారు. నేల మీదే తిరిగింది, గాలిలో తానెక్కడుందో తెలియలేదు, ఒంటికాలి మీద పడింది. మోకాలు లోపలికి మడత పడింది. లిగమెంట్ పోయింది. ఆ పెద్దమనిషి ఫోన్ ఎత్తలేదు. ఆపరేషన్ ఖర్చుకు తండ్రి అప్పు చేశాడు.

డబుల్ అడిగినవాడు ఫోమ్ పిట్ ఎందుకు అడగలేదు? అయ్యా, మీరు చెప్పండి. ఎందుకు అడగలేదు?

గాలిలో దిక్కు తెలియకపోవడం పిరికితనం కాదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ రెండున్నర ట్విస్టుల వాల్టుకు లేచి, ఒకటిన్నరకే దిగింది. టీమ్ ఫైనల్ నుంచి తప్పుకుంది. రెండు మొగ్గల్లో మూడు ట్విస్టులు తిరిగిన అమ్మాయి ఆమె. ఆమెకు ఆగే హక్కు ఉంది. 2024 పారిస్‌లో మళ్ళీ ఆల్ రౌండ్, అంటే అన్ని అంశాలూ కలిపిన పోటీలో, స్వర్ణం తెచ్చుకుంది. మా పిల్లకు ఆ హక్కు ఎవరిచ్చారు? తల్లులారా, మీ పిల్ల “సార్, గాలిలో ఏమీ తెలియట్లేదు” అంటే ఆ రోజు ట్విస్ట్ బంద్ చేయించండి. కోచ్ కోపగించుకున్నా సరే. మళ్ళీ లేఅవుట్ నుంచి మొదలుపెట్టించండి.

దాతలు చాలామంది వచ్చారు. పోయినసారి కప్పులు, మెడల్స్ ఇచ్చారు, సంతోషం. ఈసారి అందరూ కలిసి ఒక్క ఫోమ్ పిట్ ఏర్పాటు చేయించండి. గొయ్యి మేమే తవ్వుకుంటాం, లోపలికి ఫోమ్ ముక్కలు, పైన రేకుల షెడ్డు మీరివ్వండి. షెడ్డు ఎందుకంటే రోహిణి కార్తెలో మ్యాట్ మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కుతోంది.

పీఈటీ మిత్రులు భోజనాలు కాగానే వెళ్ళిపోవద్దు. సాయంత్రం ఎండ తగ్గాక మ్యాట్ దగ్గరికి రండి. నలుగురు పిల్లలు లేఅవుట్లు వేస్తారు. ఫోన్లో స్లో మోషన్ పెట్టి తీయండి. పాదాలు ముందు లేస్తున్నాయా, తల ముందు తిరుగుతోందా అన్నది ఒక్కొక్క పిల్లదీ ఆపి ఆపి చూద్దాం. రిబ్బన్ నేను తెచ్చాను.